185కు 184: 1876 అమెరికా అధ్యక్ష ఎన్నికలో రాజ్యాంగం తేల్చని ప్రశ్నలు

1876 నవంబరు 7న జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ల అభ్యర్థి, న్యూయార్క్ గవర్నరు శామ్యూల్ టిల్డెన్‌కు సుమారు 43 లక్షల ఓట్లు వచ్చాయి. రిపబ్లికన్ల అభ్యర్థి, ఒహైయో గవర్నరు రూథర్‌ఫర్డ్ హేస్‌కు వచ్చినవి సుమారు 40 లక్షలు. ఓడిపోయాననే అనుకుని హేస్ ఆ రాత్రి నిద్రపోయాడు. నాలుగు నెలల తర్వాత అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది మాత్రం ఆయనే. ఆ నాలుగు నెలల్లో అమెరికా రాజ్యాంగం ఇంకెన్నడూ ఎరగనంత కఠినమైన ప్రశ్నను ఎదుర్కొంది. ఓట్ల లెక్కపై తగవు వస్తే ఎవరి మాట ఆఖరిదన్నదే ఆ ప్రశ్న.

అమెరికాలో అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకోరు. ప్రతి రాష్ట్రం తనకు కేటాయించిన సంఖ్యలో ఎలక్టర్లను నియమిస్తుంది. వారిని ఏ పద్ధతిలో నియమించాలో ఆ రాష్ట్ర శాసనసభ నిర్ణయిస్తుంది. ఎలక్టర్లు ఎవరి రాష్ట్రంలో వారు సమావేశమై ఓటు వేసి, ధ్రువపత్రాలను ముద్ర వేసి రాజధానికి పంపుతారు. 1876 ఆగస్టులో కొలరాడో చేరడంతో రాష్ట్రాలు 38 అయ్యాయి, ఎలక్టోరల్ ఓట్లు 369 అయ్యాయి. గెలవాలంటే 185 కావాలి. వివాదం లేని రాష్ట్రాలను లెక్కిస్తే టిల్డెన్‌కు 184, హేస్‌కు 165 తేలాయి. మిగిలిన 20 ఓట్లలో లూసియానావి 8, దక్షిణ కరొలైనావి 7, ఫ్లోరిడావి 4, ఆరెగాన్‌ది 1. టిల్డెన్‌కు వాటిలో ఒక్కటి దక్కినా చాలు, హేస్‌కు ఇరవైకి ఇరవై రావాలి.

మూడు దక్షిణాది రాష్ట్రాల్లో ఫలితం ఎందుకు తేలలేదో తెలియాలంటే ఎన్నికకు ముందు అక్కడ ఏం జరిగిందో చూడాలి. అంతర్యుద్ధం 1865లో ముగిసింది, బానిసత్వం రద్దయింది. 1870లో అమల్లోకి వచ్చిన 15వ సవరణ, జాతి కారణంగా ఎవరి ఓటుహక్కునూ కాదనరాదని శాసించింది. దక్షిణ కరొలైనా జనాభాలో సగానికి పైగా నల్లవారే. వారి ఓట్లతో రిపబ్లికన్ ప్రభుత్వాలు ఏర్పడ్డాయి, నిన్నటి బానిసలు శాసనసభల్లో కూర్చున్నారు. దీన్ని సహించలేని తెల్లవారు తుపాకీ సంఘాలు పెట్టుకున్నారు. దక్షిణ కరొలైనాలో డెమొక్రాట్ల తరఫున ఎర్రచొక్కాల దళాలు గుర్రాలెక్కి ఊళ్ల మీద పడ్డాయి. 1876 జులైలో హాంబర్గ్ అనే చిన్న ఊళ్లో నల్లజాతి మిలీషియాను చుట్టుముట్టి, పట్టుబడినవారిలో కొందరిని ఒక్కొక్కరినే బయటికి పిలిచి కాల్చి చంపారు. ఆ హంతకుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు. ఎడ్జ్‌ఫీల్డ్ కౌంటీలో పోలైన ఓట్లు ఉన్న ఓటర్ల సంఖ్యనే మించిపోయాయి.

న్యాయస్థానాల నుంచి నల్లవారికి రక్షణ అందలేదు. 1873లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో పదుల కొద్దీ నల్లవారిని ఊచకోత కోశారు. ఆ కేసులో పడిన కొద్దిపాటి శిక్షలను కూడా సుప్రీంకోర్టు 1876 మార్చిలో కొట్టేసింది. సమాఖ్య ప్రభుత్వం రాష్ట్రాలను కట్టడి చేయగలదే తప్ప, సాటి పౌరుడి హక్కును కాలరాసిన వ్యక్తులను శిక్షించలేదన్నది ఆ తీర్పు సారం. అదే కేసును అంతకుముందు సర్క్యూట్ కోర్టులో విని అభియోగాలు చెల్లవన్న న్యాయమూర్తి పేరు జోసెఫ్ బ్రాడ్లీ. ఈ కథలో ఆ పేరు మళ్లీ వస్తుంది.

హింస జరిగిన మాట నిజమే. ఆ హింసను కారణంగా చూపి రిపబ్లికన్లు ఓట్లను ఇష్టం వచ్చినట్టు కొట్టేసిన మాటా నిజమే. ఈ రాష్ట్రాల్లో ఫలితాలను ఖరారు చేసే అధికారం రిటర్నింగ్ బోర్డుల చేతిలో ఉండేది. బెదిరింపులు, అక్రమాలు జరిగాయనుకుంటే ఆ పోలింగ్ కేంద్రం ఓట్లను అవి పూర్తిగా రద్దు చేయవచ్చు. మూడు చోట్లా బోర్డులు రిపబ్లికన్ల అదుపులోనే ఉన్నాయి. లూసియానా బోర్డులో అన్ని పార్టీలకూ చోటుండాలని చట్టం చెప్పింది. డెమొక్రాట్లకు చెందాల్సిన ఐదో స్థానాన్ని మాత్రం మిగతా నలుగురు సభ్యులు చివరిదాకా నింపలేదు. తొలి లెక్కలో వేల ఓట్ల ఆధిక్యం టిల్డెన్‌ది. బోర్డు వేల కొద్దీ ఓట్లను రద్దు చేశాక ఆధిక్యం హేస్‌కు మారింది. ఫ్లోరిడాలో తొలి లెక్క తేడా వందకు లోపే, అందుకే బోర్డు ఎటు మొగ్గితే గెలుపు అటే. ఓటర్లను బెదిరించకుండా ఎన్నిక జరిగి ఉంటే ఈ రాష్ట్రాల్లో హేస్ గెలిచేవాడని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. పడిన ఓట్లను పడినట్టే లెక్కపెడితే కనీసం లూసియానాలో టిల్డెన్‌దే పైచేయి. ఒకరు ఓటర్లను దోచారు, మరొకరు ఓట్లను దోచారు. ఈ రెండింటిలో మొదటిదే పెద్ద నేరం. రాజధానిలో జరిగిన వాదోపవాదాలన్నీ మాత్రం రెండోదాని చుట్టూనే తిరిగాయి.

ఆరెగాన్ సంగతి వేరు. అక్కడ హేస్ గెలుపుపై ఎవరికీ సందేహం లేదు. రిపబ్లికన్ ఎలక్టర్లు ముగ్గురిలో జాన్ వాట్స్ అనే ఆయన పోస్ట్‌మాస్టర్. సమాఖ్య ప్రభుత్వంలో లాభదాయక పదవిలో ఉన్నవారు ఎలక్టర్ కాకూడదని రాజ్యాంగం రెండో అధికరణం నిషేధిస్తుంది. డెమొక్రాట్ అయిన గవర్నరు గ్రోవర్ ఈ సందు పట్టుకున్నాడు. వాట్స్ అనర్హుడంటూ ఓడిపోయిన డెమొక్రాట్ క్రోనిన్‌కు ధ్రువపత్రం ఇచ్చాడు. డిసెంబరు 6న ఎలక్టర్లు సమావేశమైనప్పుడు వాట్స్ తన ఎలక్టర్ స్థానానికి రాజీనామా చేశాడు. పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం అప్పటికే వదులుకోవడంతో మిగతా ఇద్దరూ ఖాళీని నింపే పేరుతో ఆయననే తిరిగి నియమించారు. ముగ్గురూ హేస్‌కు ఓటు వేశారు. వారు తనతో కూర్చోకపోవడంతో క్రోనిన్ మరో ఇద్దరిని తానే నియమించుకుని టిల్డెన్‌కు ఒక ఓటు, హేస్‌కు రెండు పంపించాడు. గ్రోవర్‌కు నిజానికి ఆ ఒక్క ఓటు మీద ఆశ లేదు. ఆరెగాన్‌లో గవర్నరు సంతకానికి విలువ లేదని, అసలు ఫలితాలు చూడాలని రిపబ్లికన్లు వాదిస్తే, లూసియానాలోనూ అలాగే చూడండని డెమొక్రాట్లు అడగవచ్చు. ఆయన ఎత్తుగడ అదే.

ఈ నాలుగు రాష్ట్రాల నుంచీ ఒకటికి మించి ధ్రువపత్రాలు రాజధానికి చేరాయి. ఫ్లోరిడా నుంచి మూడు వచ్చాయి. మూడోదాన్ని జనవరిలో కొత్తగా గద్దెనెక్కిన డెమొక్రాట్ గవర్నరు పంపించాడు. వీటిలో ఏది అసలైనదో ఎవరు చెప్పాలి? 1804 నాటి 12వ సవరణ దీనిపై చెప్పింది చాలా తక్కువ. సెనేట్ అధ్యక్షుడు, అంటే ఉపాధ్యక్షుడు, ఉభయ సభల సమక్షంలో ధ్రువపత్రాలన్నీ తెరవాలి, అప్పుడు ఓట్ల లెక్క జరగాలి. అంతవరకే. తెరిచేవాడు ఎవరో చెప్పింది కానీ లెక్కపెట్టేవాడు ఎవరో చెప్పలేదు. ఒకే రాష్ట్రం నుంచి రెండు పత్రాలు వస్తే ఏం చేయాలన్న ఊహే అందులో లేదు.

ఆ లోటు అప్పటిదాకా బయటపడకుండా అవసరానికో దారి పట్టి నెట్టుకొచ్చారు. 1801లో ఉపాధ్యక్షుడిగా పత్రాలు తెరిచిన థామస్ జెఫర్సన్, పద్ధతి ప్రకారం లేని జార్జియా పత్రాన్ని తన ఖాతాలోనే జమ కట్టాడు. 1865లో ఉభయ సభలూ కలిసి 22వ ఉమ్మడి నియమం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏ ఒక్క సభ కాదన్నా ఆ ఓటు లెక్కలోకి రాదు. 1872 ఎన్నికకు సంబంధించి లూసియానా, అర్కాన్సా ఓట్లను ఆ నియమం కిందే పక్కన పెట్టారు. 1876 జనవరిలో సెనేట్ ఆ నియమాన్ని వదిలేసింది. అంటే అన్నిటికంటే పెద్ద తగవు వచ్చేసరికి అరకొర నియమం కూడా మిగల్లేదు.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయంలో ముందుచూపు చూపారు. రాష్ట్రపతి ఎన్నికపై వచ్చే వివాదాలను సుప్రీంకోర్టే విచారించి తేల్చాలని 71వ అధికరణంలో స్పష్టంగా రాశారు. తెలుగువాడైన వి.వి.గిరి 1969లో రాష్ట్రపతిగా గెలిచినప్పుడు ఆ ఎన్నికను సవాలు చేసిన కేసు ఈ అధికరణం కిందే నడిచింది. పదవిలో ఉంటూనే గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1877 అమెరికాలో అలాంటి తలుపు ఏదీ తెరిచి లేదు.

ఆనాటి బలాబలాలు పీటముడిని మరింత బిగించాయి. ప్రతినిధుల సభ డెమొక్రాట్లది, సెనేట్ రిపబ్లికన్లది. ఉపాధ్యక్షుడు హెన్రీ విల్సన్ 1875లోనే చనిపోవడంతో సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడు థామస్ ఫెర్రీ పత్రాలు తెరవాలి. ఆయనా రిపబ్లికనే. లెక్కపెట్టే అధికారం ఫెర్రీదేనని రిపబ్లికన్లలో చాలామంది వాదించారు, అలాగైతే హేస్ అధ్యక్షుడవుతాడు. ఉభయ సభలూ ఒప్పుకోకుండా ఏ ఓటూ చెల్లదని డెమొక్రాట్లు పట్టుబట్టారు. అలాగైతే ఎవరికీ మెజారిటీ రాదు. అప్పుడు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున ప్రతినిధుల సభే అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది, టిల్డెన్ గెలుస్తాడు. మార్చి 4తో అధ్యక్షుడు గ్రాంట్ పదవీకాలం ముగుస్తుంది. ఆనాటికి ఇద్దరు అధ్యక్షులు ప్రమాణం చేస్తారేమోనన్న భయం ఉత్త పుకారు కాదు. టిల్డెన్ కాకపోతే రక్తపాతమేనన్న నినాదం వీధుల్లో వినిపించింది. గ్రాంట్ రాజధానికి అదనపు సైన్యాన్ని రప్పించాడు.

చివరికి రెండు పార్టీలూ ఒక కొత్త ఏర్పాటుకు ఒప్పుకున్నాయి. 1877 జనవరి 29న గ్రాంట్ సంతకం చేసిన చట్టం 15 మందితో ఎలక్టోరల్ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. అందులో ప్రతినిధుల సభ నుంచి ఐదుగురు, సెనేట్ నుంచి ఐదుగురు, సుప్రీంకోర్టు నుంచి ఐదుగురు. ఒకే పత్రం వచ్చిన రాష్ట్రం ఓటును తిరస్కరించాలంటే ఉభయ సభలూ కలిసి కాదనాలి. రెండు మూడు పత్రాలు వస్తే కమిషన్ చెప్పిందే ఖాయం. దాన్ని మార్చాలన్నా ఉభయ సభలూ ఏకం కావాలి. వేరువేరు పార్టీల చేతుల్లో ఉన్న సభలు ఏకం కావడం జరిగే పని కాదు. అందుకే కమిషన్ మాటే తుది మాట అయింది. రాజ్యాంగం ఊహించని ఇలాంటి సంస్థను కాంగ్రెస్ సృష్టించవచ్చా, న్యాయమూర్తులను రాజకీయ లెక్కింపులో కూర్చోబెట్టవచ్చా అన్న అభ్యంతరాలు రెండు పార్టీల్లోనూ వచ్చాయి. వాటికి బలముంది. కానీ మరో అంతర్యుద్ధం ముంగిట అంతకంటే మెరుగైన దారిని ఎవరూ చూపలేకపోయారు.

శాసనకర్తలు పదిమందిలో పార్టీకి ఐదుగురు. న్యాయమూర్తుల్లో చెరి ఇద్దరు. ఆ నలుగురూ కలిసి ఐదో న్యాయమూర్తిని ఎంచుకోవాలి. ఏ పార్టీకీ కట్టుబడని డేవిడ్ డేవిస్‌నే ఎంచుకుంటారని అందరూ అనుకున్నారు. సరిగ్గా ఆ సమయంలోనే ఇల్లినాయ్ శాసనసభలో డెమొక్రాట్లు ఇతరులతో కలిసి డేవిస్‌ను సెనేట్‌కు ఎన్నుకున్నారు. దాంతో ఆయన కమిషన్‌లో కూర్చోనన్నాడు. మిగిలిన న్యాయమూర్తులంతా రిపబ్లికన్లు నియమించినవారే. వారిలో కాస్త తటస్థుడనుకుని బ్రాడ్లీని తీసుకున్నారు.

ఫిబ్రవరి మొదట్లో విచారణ మొదలైంది. అన్ని వాదనలకూ మూలం ఒక్కటే. రాష్ట్రం పంపిన పత్రం వెనక ఏం జరిగిందో తవ్వి చూసే అధికారం కాంగ్రెస్‌కు ఉందా? టిల్డెన్ న్యాయవాదులు ఉందన్నారు. మోసంతో పుట్టిన పత్రం పత్రమే కాదని, సాక్ష్యాలు వినకుండా నిజం తేలదని వాదించారు. హేస్ తరఫున విలియం ఎవార్ట్స్ బృందం లేదంది. ఎలక్టర్లను నియమించేది రాష్ట్రం, ఆ రాష్ట్ర చట్టం ఎవరికి అధికారమిస్తే వారి నిర్ణయమే ఆఖరిదని, ప్రతి పోలింగ్ కేంద్రాన్నీ రాజధానిలో కూర్చుని విచారించడం మొదలుపెడితే రాష్ట్రాల హక్కే ఉండదని చెప్పింది. వింతేమిటంటే, రాష్ట్రాల హక్కుల కోసం తరతరాలుగా గొంతు చించుకున్న పార్టీ సమాఖ్య విచారణ కావాలంది. దక్షిణాదికి సైన్యాన్ని పంపిన పార్టీ రాష్ట్రం మాట కాదనరాదంది. ఎవరి సిద్ధాంతాన్నీ ఇక్కడ నమ్మడానికి వీల్లేదు. రెండు పక్షాలూ ముందు ఫలితాన్ని చూసుకుని, దానికి సరిపడే రాజ్యాంగాన్ని తర్వాత వెతుక్కున్నాయి.

అయినా, ఎవార్ట్స్ వాదనలో న్యాయపరమైన బలం ఎక్కువన్నది కాదనలేని సంగతి. బ్రాడ్లీ అభిప్రాయం కూడా అదే దారిలో సాగింది. ఉభయ సభలకు లేని అధికారం కమిషన్‌కు రాదు, ఎన్నికల కేసులు విచారించే న్యాయస్థానం కాదిది, నెలల తరబడి సాక్ష్యాలు వింటూ కూర్చుంటే పదవీకాలం ముగిసేలోపు అధ్యక్షుడే తేలడు అన్నాడాయన. ఫ్లోరిడాను ఫిబ్రవరి 9న, లూసియానాను 16న, ఆరెగాన్‌ను 23న, దక్షిణ కరొలైనాను 27న హేస్‌కు ఇచ్చారు. ప్రతిసారీ ఎనిమిదికి ఏడు, ప్రతిసారీ పార్టీ గీత మీదే. ఆరెగాన్‌లో గ్రోవర్ పన్నిన వల కూడా పనిచేయలేదు. గవర్నరు సంతకం కన్నా, రాష్ట్ర చట్టం ప్రకారం ఓట్లు లెక్కించిన అధికారి తేల్చిందే రాష్ట్రం మాట అవుతుందని కమిషన్ తేడా చూపించింది. ఆ తర్కం నిలబడేదే. కానీ ఈ నాలుగు నిర్ణయాల్లో 15 మందిలో ఒక్కరూ తమ పార్టీ నుంచి పక్కకు జరగలేదు. దాంతో తీర్పు ఎంత తర్కబద్ధమైనా దానికి న్యాయం అన్న గౌరవం దక్కలేదు.

ప్రతినిధుల సభలో కొందరు డెమొక్రాట్లు లెక్కింపును మార్చి 4 దాకా సాగదీయాలని చూశారు. అదే పార్టీకి చెందిన స్పీకర్ శామ్యూల్ రాండల్ ఆ తీర్మానాలను తోసిపుచ్చాడు. తెర వెనక ఫిబ్రవరి 26న, జేమ్స్ వార్మ్లీ అనే నల్లజాతి వ్యాపారి నడుపుతున్న హోటల్లో హేస్ మిత్రులు, దక్షిణాది నాయకులు కూర్చుని మాట్లాడుకున్నారు. హేస్ వస్తే దక్షిణాది రాష్ట్రప్రభుత్వాలకు అండగా ఉన్న సైన్యం తప్పుకుంటుందన్న హామీ అక్కడ ఖాయమైంది. ఈ బేరమే ఫలితాన్ని నిర్ణయించిందా, లేక ఎలాగూ జరగబోయేదానికి ముద్ర వేసిందా అన్న విషయంలో చరిత్రకారులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. మార్చి 1న లూసియానా సభ్యుడు విలియం లెవీ లేచి, తనకు హామీలు అందాయని, ఇక అడ్డుకోవడం మానాలని సాటి సభ్యులను కోరాడు. మార్చి 2 తెల్లవారుజామున నాలుగు గంటలకు ఫెర్రీ ఫలితం ప్రకటించాడు. హేస్‌కు 185, టిల్డెన్‌కు 184.

మార్చి 4 ఆదివారం వచ్చింది. ఒక్కరోజైనా పీఠం ఖాళీగా ఉండకూడదని శనివారం, మార్చి 3 రాత్రే వైట్‌హౌస్ రెడ్ రూమ్‌లో ప్రధాన న్యాయమూర్తి వెయిట్ హేస్ చేత రహస్యంగా ప్రమాణం చేయించాడు. అందరి ఎదుట జరిగిన వేడుక సోమవారం. కమిషన్ చట్టంలో మరో నిబంధన కూడా ఉంది. గెలిచినట్టు ప్రకటించిన వ్యక్తి హక్కును కోర్టులో సవాలు చేసే అవకాశాన్ని అది మూసేయలేదు. టిల్డెన్ ఆ దారిన వెళ్లలేదు. వెళ్లి ఉంటే కొలువులో ఉన్న అధ్యక్షుణ్ణి కోర్టు దింపగలదా అన్న ప్రశ్నకు జవాబు దొరికేది. అది నేటికీ తేలకుండానే మిగిలింది.

సైన్యం ఏప్రిల్ 10న దక్షిణ కరొలైనా శాసనసభా భవనాన్ని, ఏప్రిల్ 24న న్యూఓర్లీన్స్‌లో కాపలా కాస్తున్న భవనాన్ని వదిలి శిబిరాలకు వెళ్లిపోయింది. లూసియానాలో హేస్‌ను గెలిపించిన బోర్డే రిపబ్లికన్ స్టీఫెన్ ప్యాకర్డ్ కూడా గవర్నరుగా గెలిచాడని చూపించింది. ఒకే ఎన్నిక, ఒకే లెక్క. హేస్ అధ్యక్షుడయ్యాడు, ప్యాకర్డ్‌ను మాత్రం గాలికొదిలేశాడు. రెండు రాష్ట్రాల్లోనూ అధికారం డెమొక్రాట్ల చేతికి పోయింది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగంతో మొదలై పోల్ ట్యాక్స్, అక్షరాస్యత పరీక్ష వంటి అడ్డుగోడలు దక్షిణాదంతటా లేచాయి. 15వ సవరణ పుస్తకంలో ఉండగానే నల్లవారి ఓటు ఊడిపోయింది. 1965 ఓటుహక్కుల చట్టం దాకా అది పూర్తిగా తిరిగి రాలేదు. అధికార మార్పిడి శాంతిగా జరిగిందని 1877ను మెచ్చుకునేవారు ఆ శాంతి ఖరీదు ఎవరు కట్టారో కూడా చెప్పాలి. హాంబర్గ్‌లో చనిపోయినవారి పేర్లు కమిషన్ ముందు ఎవరి వాదనకూ అవసరం కాలేదు.

లెక్కింపు నియమాల కోసం కాంగ్రెస్‌కు మరో పదేళ్లు పట్టింది. 1887 ఫిబ్రవరి 3న వచ్చిన ఎలక్టోరల్ కౌంట్ చట్టం భారాన్ని చాలావరకు రాష్ట్రాల మీదకు నెట్టింది. ఎలక్టర్లు ఓటు వేయడానికి ఆరు రోజుల ముందే రాష్ట్రం తన చట్టం ప్రకారం వివాదాన్ని తేల్చుకుంటే ఆ నిర్ణయం కాంగ్రెస్‌లో చెల్లేది. రెండు పత్రాలు వచ్చి సభలు విడిపోతే గవర్నరు సంతకం చేసినదే లెక్కలోకి వచ్చేది. ఒక సెనేటరు, ఒక ప్రతినిధి కలిసి రాసిస్తే అభ్యంతరం చర్చకు వచ్చేది. ఉద్దేశం మంచిదే కానీ రాత మాత్రం చిక్కులమయం. పొడవాటి వాక్యాలు ఒకదానికొకటి పొసగవని న్యాయపండితులు మొదటినుంచీ హెచ్చరిస్తూనే వచ్చారు.

1961లో హవాయి నుంచి రెండు పార్టీల పత్రాలూ వచ్చినప్పుడు, ఉపాధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తన ప్రత్యర్థి కెనెడీకి అనుకూలమైన పత్రాన్నే లెక్కించాడు. ఇది ముందు ముందు ఒరవడి కాకూడదని కూడా చెప్పాడు. 2000లో ఫ్లోరిడా మళ్లీ వార్తల్లోకెక్కింది. 537 ఓట్ల తేడాపై నడిచిన తగవును సుప్రీంకోర్టు డిసెంబరు 12న ముగించింది. 1887 చట్టం పెట్టిన ఆరు రోజుల గడువు సరిగ్గా ఆనాడే ముగుస్తుంది. తీర్పులో ఆ తేదీ కీలకమైంది.

2021 జనవరి 6న పాత ప్రశ్న మొదటి రూపంలోనే తిరిగొచ్చింది. కొన్ని రాష్ట్రాల ఓట్లను ఉపాధ్యక్షుడే పక్కన పెట్టవచ్చని డొనాల్డ్ ట్రంప్ పక్షం వాదించింది. 1877లో ఫెర్రీకి ఉందన్న అధికారం ఇదే. అప్పుడు రాష్ట్రాల నుంచి నిజంగానే అధికారులు సంతకాలు చేసిన పోటీ పత్రాలు వచ్చాయి, ఇప్పుడు ఏ రాష్ట్ర ప్రభుత్వమూ రెండో పత్రం పంపలేదు. ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ తనకు ఆ అధికారం లేదన్నాడు. గుంపు చట్టసభ భవనంలోకి చొరబడటంతో లెక్కింపు గంటల తరబడి ఆగింది. ఆరిజోనా, పెన్సిల్వేనియాలపై వచ్చిన అభ్యంతరాలను ఉభయ సభలూ తోసిపుచ్చాక జనవరి 7 తెల్లవారుజామున పూర్తయింది.

2022 డిసెంబరులో 1887 చట్టాన్ని సవరించారు. సెనేట్ అధ్యక్షుడి పని కేవలం లాంఛనమని, ఏ వివాదాన్నీ తేల్చే అధికారం ఆయనకు లేదని కొత్త చట్టం తేటతెల్లంగా రాసింది. అభ్యంతరం చర్చకు రావాలంటే ప్రతి సభలోనూ ఐదో వంతు సభ్యుల సంతకాలు కావాలి. అభ్యంతరానికి రెండే రెండు కారణాలు చెల్లుతాయి. ధ్రువపత్రంపై సమాఖ్య చట్టం కింద వివాదం వస్తే ముగ్గురు న్యాయమూర్తుల కోర్టు త్వరగా విచారించాలి, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. ఒక కాంగ్రెస్ చేసిన మామూలు చట్టం తర్వాతి కాంగ్రెస్‌ల ఉమ్మడి సమావేశాన్ని కట్టడి చేయగలదా అన్న సందేహం కొందరు రాజ్యాంగ పండితుల్లో ఇంకా ఉంది. కొత్త చట్టం కింద మొదటి లెక్కింపు 2025 జనవరి 6న జరిగింది. ఆ ఎన్నికలో ఓడిన అభ్యర్థి, అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ అధ్యక్షత వహించారు. ఏ రాష్ట్రం ఓట్లపైనా అభ్యంతరం రాలేదు.